మీరు అడిగారు: మనవలు మళ్ళీ అందుకున్న భాష

పోయిన నెల ఈ పేజీలో స్పెయిన్‌లోని గలీసియన్ భాష గురించి ఓ పది వాక్యాలు రాశాను. అమ్మానాన్నలు వదిలేసిన భాషను అక్కడి కుర్రకారులో కొంతమంది పట్టుబట్టి మళ్ళీ మాట్లాడుతున్నారని, అదే సమయంలో లెక్కల్లో మాత్రం ఆ భాష తగ్గుతూనే ఉందని. చోటు మిగిలితే వేసిన ముక్క అది. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు, అందులోనూ ఎక్కువ భాగం నెల్లూరు, ఒంగోలు వైపు నుంచే. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే. పొలం గట్ల తగాదాల ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టాలి.

సార్, గలీసియన్ అంటే స్పానిష్‌లో ఒక యాసే కదా? మా నెల్లూరు యాస లాంటిదానికి ఎవరైనా భాష అని పేరు పెడితే ఊరుకుంటారా? (డిగ్రీ విద్యార్థిని, కావలి)

యాస కాదమ్మాయ్. స్పెయిన్ మ్యాపు తీసుకుంటే ఎడమవైపు పైమూల, పోర్చుగల్ నెత్తిమీద ఉన్న ముక్క గలీసియా. జనం 27 లక్షల చిల్లర, అంటే మన నెల్లూరు జిల్లా అంత అనుకో, కొంచెం అటూ ఇటూ. రాజధాని సాంతియాగో దే కొంపోస్తేలా, పెద్ద ఊరు వీగో. అక్కడి భాషకు తోబుట్టువు స్పానిష్ కాదు, పోర్చుగీసు. మధ్యయుగంలో ఈ రెండూ ఒకటే భాష, పోర్చుగల్ వేరే రాజ్యం అయ్యాక మెల్లగా ఎవరి దారి వారిదైంది. 13వ శతాబ్దంలో కాస్తీల్ రాజు పదో అల్ఫోన్సో మేరీమాత మీద 400 పైచిలుకు పాటలు కట్టించాడు, తన ఆస్థానం స్పానిష్‌ది అయినా పాటలు మాత్రం గలీసియన్-పోర్చుగీసులో. ఉదయగిరి కోట గెలిచిన కృష్ణదేవరాయలు కావ్యం రాయడానికి తెలుగు ఎంచుకోలేదూ, అట్లా. కవిత్వానికి ఆ భాషే గొప్పదని అప్పటి లెక్క.

తరవాత మూడు వందల ఏళ్ళు దాన్ని రాసిన నాథుడు దాదాపు లేడు. పెద్దింటివాళ్ళు, చర్చి, కోర్టు అంతా స్పానిష్‌కి మారిపోయారు, పొలంలో వాడు, పడవలో వాడు మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. 1863లో రొసాలియా దే కాస్త్రో అనే ఆవిడ గలీసియన్‌లో ఒక కవితల పుస్తకం వేసేదాకా ఇదే పరిస్థితి. ఆ పుస్తకంలో ఆవిడ రాసుకున్న అంకితం కింద మే 17 అని తేదీ ఉంది, అందుకే 1963 నుంచి ఏటా మే 17న అక్కడ గలీసియన్ సాహిత్య దినం జరుపుకుంటున్నారు.

చట్టం ఉంది, బడిలో సబ్జెక్టు ఉంది, సొంత టీవీ ఛానల్ ఉంది అన్నారు. మళ్ళీ మీరే తగ్గుతోందన్నారు. పోయిన నెల ముక్కకు మీరు పెట్టిన హెడ్డింగేమో "మళ్ళీ చిగురిస్తున్న భాష". రెంటిలో ఏది నమ్మాలి? (రిటైర్డ్ హైస్కూలు టీచర్, ఒంగోలు)

రెండూ నమ్మాలి మాస్టారూ, మీరు కోప్పడినా సరే.

ముందు లెక్క. గలీసియా ప్రభుత్వ గణాంక సంస్థ ప్రతి అయిదేళ్ళకీ ఇళ్ళకు వెళ్ళి ఎవరు ఏ భాష మాట్లాడతారో అడుగుతుంది. ఎప్పుడూ గలీసియనే మాట్లాడతామన్నవాళ్ళు 2003లో నూటికి 43 మంది దాకా ఉంటే 2023కి 24 మందికి దిగారు. 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో సగానికి పైగా ఎప్పుడూ స్పానిష్‌లోనే మాట్లాడతారు, మూడింట ఒకవంతు మందికి గలీసియన్ మాట్లాడటం అసలు రాదు లేదా అంతంతమాత్రం. బడిలో రోజూ పీరియడ్ ఉంటుంది, పరీక్ష రాస్తారు, మార్కులొస్తాయి, నోరు మాత్రం తిరగదు. మన పిల్లలు పదో తరగతి దాకా హిందీ చదివినట్టే.

ఎక్కడ చెడిందంటే, ఫ్రాంకో కాలంలో. 1939 నుంచి 1975 దాకా ఆయన నియంతృత్వం, తమాషా ఏంటంటే ఆయన పుట్టింది గలీసియాలోని ఫెర్రోల్‌లోనే. బడిలో, ఆఫీసులో, పేపర్లో స్పానిష్ ఒక్కటే, పిల్లాడు తరగతిలో ఇంటి భాష మాట్లాడితే చీవాట్లు. ఆ రోజుల్లో పల్లె వదిలి వీగోకో, "ఆ కొరూన్యా" అనే ఇంకో నగరానికో పనికోసం వచ్చిన తల్లిదండ్రులు తమలో తాము గలీసియన్‌లో మాట్లాడుకుంటూ, పిల్లాడివైపు తిరగగానే స్పానిష్ అందుకునేవాళ్ళు. మనం పడ్డ మాటలు వీడు పడకూడదని. ఎట్లా తప్పు పడతాం? మన ఇళ్ళల్లో తాతయ్య మనవడికి పులుసు కలిపి పెడుతూ "ఫిష్‌లో బోన్స్ ఉంటాయి నాన్నా, స్లోగా ఈట్ చెయ్" అంటున్నారు కదా, ఆయన జన్మలో చేపముల్లుని బోన్ అని ఇంకెవరి దగ్గరా అని ఉండరు.

మీరు చెప్పిన చట్టం, టీవీ వచ్చేసరికి ఈ మార్పు సగం అయిపోయింది. 1981లో స్వయంపాలన వచ్చింది, 1983లో భాషా చట్టం, అదీ అన్ని పార్టీలూ కలిసి ఏకగ్రీవంగా చేసింది, 1985లో గలీసియన్ టీవీ. దీనివల్ల జరిగిన మేలు లేదనను. ఈ తరం వాళ్ళకు చదవడం, రాయడం వచ్చిందంటే వాటి పుణ్యమే, జపాన్ బొమ్మల సీరియళ్ళను గలీసియన్ డబ్బింగ్‌లో చూసి పెరిగిన బ్యాచ్ ఒకటి తయారైంది. కానీ చట్టం ఇంటి వంటగదిలోకి రాలేదు కదా.

ఆ తరవాత 2010లో అక్కడి ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చింది. బడిలో గలీసియన్, స్పానిష్ సమానం, కొంత ఇంగ్లీషు కూడా అని పైకి చెప్పడం, లోపల చూస్తే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ స్పానిష్‌కి, సోషల్, బయాలజీ గలీసియన్‌కి. పిల్లాడికి ఏం అర్థమవుతుంది? ముఖ్యమైనవన్నీ ఆ భాషలో, బట్టీ కొట్టేవి ఈ భాషలో అని. నా ఉద్దేశంలో నిధులు కోయడం కంటే ఇది ఎక్కువ దెబ్బ. ఇది పిల్లల మీద భాష రుద్దకుండా ఉండటానికే అని అటువైపు వాళ్ళ వాదన, 2019 నవంబరులో మన దగ్గర ఇంగ్లీషు మీడియం జీవో వచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ టీ కొట్ల దగ్గర విన్న వాదనలు గుర్తున్నాయిగా, ఇంచుమించు అవే.

మరి చిగురించడం ఎక్కడ అంటారా, సరిగ్గా ఆ నగరాల్లోనే. స్పానిష్‌లో పెరిగిన పిల్లలు పద్ధెనిమిదికో ఇరవైకో వచ్చాక, ఎవరూ బలవంతపెట్టకుండా, గలీసియన్‌కి మారుతున్నారు. వీళ్ళను అక్కడ నెయొఫలాంతెస్ అంటారు, కొత్తగా మాట్లాడేవాళ్ళని. సంఖ్యలో తక్కువే. అమ్మమ్మలు పోయే వేగానికి వీళ్ళు వచ్చే వేగం సరిపోవడం లేదు, అందుకే లెక్క కిందికే చూపిస్తోంది.

నాది నెల్లూరు, ఉద్యోగం బెంగళూరులో. ఆ కుర్రాళ్ళు నిజంగా ఏం చేస్తారన్నా? ఒకరోజు పొద్దున లేచి "ఇవాళ్టి నుంచి ఇదే భాష" అని మొదలుపెట్టేస్తారా? జనం నవ్వరా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

నవ్వుతారు. అసలు కష్టమంతా అదే.

వ్యాకరణం వాళ్ళకు సమస్య కాదు, బడిలో పన్నెండేళ్ళు చదివారు. ఇబ్బంది ఎక్కడంటే, నువ్వు చిన్నప్పటి నుంచి ఒకడితో ఒక భాషలో మాట్లాడుతున్నావు, రేపు వాడితోనే ఇంకో భాషలో మాట్లాడాలి. వాడు నీ మొహంలోకి చూస్తాడు. ఏమైందిరా నీకు అంటాడు. వాడికి జవాబు చెప్పడం కంటే పాత భాషలోకి జారిపోవడం సుఖం. అందుకే చాలామంది పాతవాళ్ళ జోలికి పోకుండా కొత్తవాళ్ళతో మొదలుపెడతారు. సాంతియాగో యూనివర్సిటీలో చేరడం ఒక మంచి సందు, అక్కడ ఎవరికీ నీ పాత భాష తెలియదు, మొదటి రోజు ఏ భాషలో పలకరిస్తే నువ్వు ఆ భాషవాడివే. కొత్త ఉద్యోగం ఇంకో సందు. పిల్లలు పుట్టడం ఇంకోటి, భార్యాభర్తలు ఒకరితో ఒకరు స్పానిష్‌లోనే ఉంటూ పసిబిడ్డతో మాత్రం గలీసియన్ మొదలుపెట్టడం. జనం భాష మార్చుకునేది ఇట్లా బతుకు మలుపు తిరిగే చోట్లేనని ఈ విషయం మీద పనిచేసే పరిశోధకులు కూడా చెబుతారు.

ఇంకో చిక్కు ఉంది. వీగోలో కాఫీ హోటలుకు వెళ్ళి పాలు కలిపిన కాఫీ కావాలని గలీసియన్‌లో అడిగావనుకో, "ఉన్ కఫే కోన్ లేయ్‌తే" అని. కౌంటర్ వెనక ఉన్నవాడికి నువ్వు అన్నది పూర్తిగా అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్ళమ్మ కూడా అట్లాగే అంటుంది. కానీ మర్యాద కోసం స్పానిష్‌లో జవాబిస్తాడు. ఇప్పుడు నువ్వేం చేస్తావు? నిన్నటిదాకా అయితే నువ్వూ స్పానిష్‌లోకి మారిపోయేవాడివి, ఎదుటివాడు ఏది మాట్లాడితే అది మాట్లాడటమే సంస్కారం అని మనందరికీ నేర్పారు కాబట్టి. నెయొఫలాంతే అయినవాడు మారడు. అతను స్పానిష్‌లో, ఇతను గలీసియన్‌లో, డబ్బులిచ్చి చిల్లర తీసుకుని బయటికి వస్తాడు. గొడవేం జరగదు, ఇద్దరికీ రెండూ తెలుసు. రోజుకు నాలుగుసార్లు ఇట్లా మొండిగా నిలబడాలంటే మాత్రం మొదట్లో చెమటలు పడతాయి, పైగా ఎదుటివాళ్ళు నిన్ను వెంటనే ఫలానా పార్టీవాడివని కూడా ముద్ర వేసేస్తారు, ఓటు హక్కు రాని పిల్లాడి మీద కూడా.

ఇక పల్లెకు పోతే ఇంకో రకం. పుట్టిన దగ్గర్నుంచీ గలీసియనే మాట్లాడే ముసలావిడ, నగరం బట్టల్లో ఉన్న కుర్రాణ్ణి చూసి గబగబా స్పానిష్‌లోకి మారుతుంది. వీడు గలీసియన్‌లో మాట్లాడితే "టీవీలో లాగా మాట్లాడుతున్నావే" అంటుంది. పుస్తకంలోంచి నేర్చుకున్న భాష కదా, మాటలు శుద్ధంగా ఉంటాయి, ఉచ్చారణలో స్పానిష్ వాసన ఉంటుంది. ఆవిడ మాటల్లో సగం స్పానిష్ పదాలు కలిసి ఉంటాయి, ఉచ్చారణ మాత్రం అచ్చంగా ఆ మట్టిది. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదు. ఈ ఇద్దరూ ఒకరినొకరు సరిదిద్దుకోవడం మానేసి కబుర్లు చెప్పుకున్న చోటే భాష నిలుస్తోందని నాకనిపిస్తుంది.

నీ సంగతికొస్తే తమ్ముడూ, నీకు అంత సాహసం అక్కర్లేదు. నెల్లూరు వాళ్ళు ఎదురైనా ఇంగ్లీషు మాట్లాడే అలవాటు ఉంటే ముందు అది మానెయ్.

సినిమాల్లో మా యాస పెట్టేది కమెడియన్‌కో రౌడీకో. "ఏంది మే", "యాడికి పోతా ఉండావు" అంటే హాలంతా నవ్వు. అక్కడా ఇట్లాగే ఉందా? (గూడూరు నుంచి ఒక పాఠకుడు)

ఉంది, ఇంకొంచెం ఎక్కువే. పడమటి గలీసియాలో "గ" అనాల్సిన చోట గొంతులోంచి "హ" అంటారు. పిల్లిని "గాతో" అనాలి, వాళ్ళు "హాతో" అంటారు. దీన్ని గేయాదా అంటారు. ఇది వినబడిందంటే చాలు, పల్లెటూరి మొద్దు అని లెక్క. గలీసియన్ మాట్లాడేవాళ్ళలోనే కొందరు దీన్ని దాచుకునేవాళ్ళు, టీవీలో న్యూస్ చదివేవాళ్ళ నోట వినబడేది కాదు. అంటే స్పానిష్ దగ్గర చిన్నతనం ఒకటి, అది చాలనట్టు సొంత భాషలోనే ప్రామాణికం దగ్గర ఇంకో చిన్నతనం. మనకు కోస్తా మధ్య జిల్లాల మాట దగ్గర ఉన్నట్టు.

దీన్ని తిప్పింది ఎక్కువగా పాటలే అంటాను. తన్షుగేయ్‌రాస్ అని ముగ్గురు అమ్మాయిలు, చేతిలో పాందెరేత అనే గిలకల డప్పు, పాత పల్లె పాటల బాణీ. 2022 జనవరిలో యూరోవిజన్ పాటల పోటీకి స్పెయిన్ తరఫున ఎవరిని పంపాలో తేల్చే బెనిదోర్మ్ పోటీలో గలీసియన్ పాట పాడారు. ఫోన్ ఓట్లలో దేశమంతా వాళ్ళకే వేసింది, జ్యూరీ మార్కులు కలిపేసరికి మూడో స్థానం. దాని మీద స్పెయిన్‌లో రోజుల తరబడి గొడవ. పోటీ పోయింది గానీ, అప్పటిదాకా ముసలమ్మల వస్తువు అనుకున్న ఆ డప్పు నేర్పే క్లాసుల్లోకి కుర్రపిల్లలు చేరారు. అదే బాణీలకు ఎలక్ట్రానిక్ బీట్ కలిపి వాయించే బైయూకా లాంటివాళ్ళు ఉన్నారు, డాన్స్ ఫ్లోర్ మీద గంతులేసే పాటలో అమ్మమ్మ గొంతు వినబడుతుంది. అటువంటి పాటలో గేయాదా ఉంటే ఎవరూ నవ్వరు, అది ఉంటేనే అసలైనదని అంటారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి. మే 17 సాహిత్య దినాన్ని ఏటా చనిపోయి కనీసం పదేళ్ళయిన ఒక రచయితకు అంకితం చేస్తారు, గలీసియన్ అకాడమీ ఎంపిక చేస్తుంది. 2025లో మాత్రం డప్పు కొట్టి పాటలు పాడిన పల్లె ఆడవాళ్ళకు, పుస్తకం అచ్చువేయని వాళ్ళకు అంకితం చేశారు. మన జిల్లాల్లో నాట్లప్పుడు పాడే ఆడవాళ్ళను పిలిచి తిక్కన పక్కన కుర్చీ వేసినంత పని అది. మనవాళ్ళు చేస్తారా? శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు, తరవాత స్టేజీ మీద మూడు గంటలు ఉపన్యాసం ఇంకెవరో ఇస్తారు.

యాస విషయంలో మీకు నేనిచ్చే సలహా, హాలు నవ్విందని మానకండి. ఇప్పుడు నెల్లూరు మాటల్లో చిన్న వీడియోలు చేసే పిల్లలు ఫోన్‌లో కనిపిస్తూనే ఉన్నారు, వాళ్ళను చూసి జనం నవ్వేది మాటకు కాదు, చెప్పే విషయానికి. ఆ తేడా చాలా పెద్దది.

అంత కష్టపడి మాట్లాడితే ఉద్యోగం వస్తుందా? (కనిగిరి)

కొంతవరకు వస్తుంది. అక్కడి ప్రాంతీయ ప్రభుత్వ ఉద్యోగాలకు గలీసియన్ వచ్చినట్టు సర్టిఫికెట్ కావాలి, సెల్గా అని అయిదు మెట్ల పరీక్ష ఉంది. టీచర్లు, అనువాదకులు, డబ్బింగ్ వాళ్ళు, టీవీ, రేడియో సరేసరి. 2023 సెప్టెంబరు నుంచి మాడ్రిడ్‌లో పార్లమెంటు దిగువ సభలో కూడా గలీసియన్‌లో మాట్లాడవచ్చు, చెవిలో పెట్టుకుంటే అనువాదం వినబడుతుంది. పైగా గలీసియన్ గట్టిగా వస్తే పోర్చుగీసు పెద్ద కష్టం కాదు, పోర్చుగీసు వస్తే బ్రెజిల్ దాకా పాతిక కోట్ల మందితో వ్యాపారం చేయవచ్చు. ఈ మాటే చెప్పి 2014లో అక్కడి శాసనసభ బడుల్లో పోర్చుగీసు ప్రోత్సహించే చట్టం కూడా ఏకగ్రీవంగా చేసింది. అమలు నత్తనడకే, అది వేరే సంగతి.

మనం ఎనిమిది కోట్ల మందిమి. పాతిక లక్షల వాళ్ళతో మనకు పోలికేంటండీ? మీకు వేరే పని లేదా? (మార్కాపురం)

పని లేకే ఈ పేజీ రాస్తున్నాను. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు, నిజమే. 2008లో ప్రాచీన హోదా వచ్చింది, దాని కేంద్రం మన నెల్లూరు దగ్గరే ఉంది, 848 నాటి పద్యశాసనం అద్దంకిలో దొరికింది. తెలుగు రేపో ఎల్లుండో పోతుందని నేనెక్కడా అనలేదు. కానీ గలీసియాలో కూడా 1950ల్లో జనంలో అత్యధికులు రోజూ గలీసియనే మాట్లాడేవాళ్ళు, అప్పుడు వాళ్ళకూ ఇట్లాగే ధీమాగా ఉండేది. మీ అపార్ట్‌మెంటులో సాయంత్రం ఆడుకునే పిల్లలు దెబ్బలాడుకునేటప్పుడు ఏ భాషలో తిట్టుకుంటున్నారో ఒకసారి విని, మళ్ళీ ఉత్తరం రాయండి.

మేము ఎరుకల వాళ్ళం. మా అమ్మ, అమ్మమ్మ ఇంట్లో మా భాష మాట్లాడుకుంటారు. బయటివాళ్ళు ఎవరైనా గుమ్మంలోకి వస్తే వెంటనే తెలుగులోకి మారతారు. నాకు అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. మీరు రాసింది చదివాక నేర్చుకోవాలనిపిస్తోంది. దానికి లిపి లేదు, బడి లేదు. కుదిరే పనేనా? (పేరు వేయవద్దన్నారు, నెల్లూరు జిల్లా)

ఈ పేజీలో గలీసియన్‌కి నిజంగా దగ్గరగా ఉన్న ఉత్తరం నీదేనమ్మా. తేడాలు మాత్రం ముందే చెప్పాలి. వాళ్ళ వెనక ఒక ప్రభుత్వం, అకాడమీ, టీవీ ఉన్నాయి. కుర్రు అని కూడా పిలిచే మీ భాష తమిళానికి దగ్గర చుట్టం, ఇన్ని వందల ఏళ్ళు ఏ అండా లేకుండా, తట్టలు అల్లే చోట, ఎరుక చెప్పే చోట, ఇళ్ళల్లో బతికింది. పైగా దాచుకోవాల్సిన కారణం మీకు చాలా గట్టిది. 1911 నేరస్థ జాతుల చట్టం కింద మీవాళ్ళను పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టారు, కావలిలో కూడా అప్పట్లో వాళ్ళను కాపలాలో ఉంచే సెటిల్‌మెంట్ పెట్టారు, 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయినా పోలీసు చూపు పోలేదు. నోరు విప్పితే ఎవరో తెలిసిపోయే భాషను గుమ్మం దగ్గర ఆపేశారంటే అది సిగ్గు కాదు, ప్రాణ రక్షణ. కాబట్టి అమ్మమ్మను ఎందుకు నేర్పలేదని నిలదీయకు.

కుదురుతుందా అంటే, నీకు అర్థమవుతుంది అన్నావు చూడు, సగం పని అయిపోయినట్టే. గలీసియాలో మారినవాళ్ళలో చాలామంది నీలాగా విని అర్థం చేసుకుంటూ పెరిగినవాళ్ళే. లిపి గురించి ఆగకు, తెలుగు అక్షరాల్లో నీకు వినబడినట్టు రాసుకో, తప్పులు తరవాత చూసుకోవచ్చు. రోజంతా మాట్లాడాలని పెట్టుకోవద్దు, ఒక పని పట్టుకో. అమ్మమ్మ కూర వండేటప్పుడు పక్కన కూర్చుని ఆ భాషలోనే అడుగు, ఇది తే, అది కొయ్యి, ఉప్పు చాలా అని. ఆ పని వరకు తెలుగు లేదు అనుకో. తప్పు మాట్లాడితే ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ. నీ ఈడు చుట్టాలమ్మాయి ఒకతె తోడైతే ఇంకా మేలు, ఎందుకంటే ఒక్క అమ్మమ్మతోనే మాట్లాడే భాష ఆవిడతోనే ఆగిపోతుంది, ఇద్దరు ఆడపిల్లలు రహస్యాలు చెప్పుకోవడానికి వాడితే అది నడుస్తుంది.

ఫోన్‌లో రికార్డు చెయ్యి, కానీ అమ్మమ్మకు చెప్పి, ఆవిడ సరే అంటేనే. దేవుడి పాటలు, ఎరుక చెప్పేటప్పుడు అనే మాటలు మీవాళ్ళు బయటికి వినిపించకూడదు అనుకుంటే అవి ఇంట్లోనే ఉంచండి, అన్నీ యూట్యూబ్‌లో పెట్టాలని ఎక్కడా లేదు. తట్ట అల్లకంలో ఒక్కో మెలికకు, ఒక్కో రకం బద్దకు మీ పేర్లు వేరే ఉండి ఉంటాయి, ముందు అవి రాసిపెట్టు. ప్లాస్టిక్ బుట్టలొచ్చాక ఆ పనితో పాటు ముందు పోయేవి అవే.